కార్బొరేటర్ కింద చెక్క

బావమరిదికి,

ఇక్కడ కారు తప్ప అందరం కులాసా. నువ్వు మెకానిక్కువి కాబట్టి నీకే చెప్పుకుంటున్నాను. మన ఎనిమిది సిలిండర్ల పాత కారు బయల్దేరితే పులి. దారిలో కాఫీకని ఆపితే మాత్రం మళ్లీ స్టార్టవదు. మొన్న మిట్టమధ్యాహ్నం మీ అక్కని నడిరోడ్డు మీద నిలబెట్టింది. ఇంకొక్కసారి ఆగితే జన్మలో ఈ కారెక్కనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. పక్కన ఆవిడ లేకపోతే నాకీ కారెందుకు చెప్పు. నెలాఖరు ఆదివారం వాళ్ల పెద్దమ్మగారి ఊరికి తీసుకెళ్తానని మాటిచ్చాను. నా పరువు నీ చేతుల్లో ఉంది.

ఇట్లు,
నీ బావ

తా.క. కార్బొరేటర్ మీద తడిగుడ్డ వేసి చూశాను. అది మీ అక్క కొత్త తువ్వాలని తర్వాత తెలిసింది.

---

బావగారికి నమస్కారాలు.

మీ కారుకి పెద్ద జబ్బేమీ లేదు, ఒంట్లో వేడి, అంతే. ఇంజన్ ఆపగానే దాని వేడంతా పైనున్న కార్బొరేటర్‌కి ఎక్కుతుంది. అందులో పెట్రోలు కుతకుత ఉడికి ఆవిరైపోతుంది. ఇంజన్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య వేలెడు మందం గట్టి చెక్క బిగించండి, వేడి అంత తొందరగా పైకి రాదు. పెట్రోలు గొట్టాన్ని పొగగొట్టానికి దూరంగా జరపండి. బండి ఆపిన ప్రతిసారీ కాసేపు బానెట్ ఎత్తి ఉంచండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. తువ్వాలు సంగతి నాకు రాసినట్టు అక్కయ్యకి చెప్పకండి. నువ్వెవరి పక్షమని నన్ను నిలదీస్తుంది.

---

బావమరిదికి,

నీ వైద్యం అమోఘం. వడ్రంగి చేత మంచి టేకు చెక్క కోయించి, నాలుగు మూలలా బోల్టులకి కంతలు పెట్టించి, నున్నగా పాలిష్ చేయించి బిగించాను. ఇప్పుడు పెట్రోలు మంచినీళ్లలా చల్లగా ఉంది. కాకపోతే ఇంజన్ అసలు స్టార్టవడం లేదు, ఇంక వేడెక్కే ప్రశ్నే లేదు.

నువ్వు చెప్పినట్టే బానెట్ ఎత్తి ఉంచాను. అది చూసి వీధిలోవాళ్లంతా పాపం అనుకుంటూ వచ్చి, వద్దంటున్నా వినకుండా మలుపు దాకా తోసిపెట్టి వెళ్లారు. వెనక్కి తోయడానికి మాత్రం ఒక్కడూ లేడు. ఆదివారం దగ్గరికొచ్చేసింది. మీ అక్క బస్సు వేళలు కనుక్కుంటోంది.

ఇట్లు,
నీ బావ

తా.క. వడ్రంగి చాలా మంచివాడు. కారుకి చెక్క తలుపులు కూడా చేసిపెడతానంటున్నాడు.

---

బావగారికి, తల పట్టుకుని పెడుతున్న నమస్కారాలు.

ఆ చెక్కకి మధ్యలో పెద్ద కంతలున్నాయా? బోల్టులవి కావు, కార్బొరేటర్ నోటికి ఎదురుగా ఉండాల్సినవి. గాలీ పెట్రోలూ కలిసి ఇంజన్లోకి దిగేది వాటిలోంచే. మీరు దాని గొంతుకి బిరడా బిగించారు. ఇది కూడా విడిగా చెప్పాలని నాకు తట్టలేదు. సరైన కొలతకి నేనే ఒకటి చేసి పార్సిల్లో పంపుతున్నాను. దాన్ని వడ్రంగికి చూపించకండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. పాత చెక్క పారేయకండి. అక్కయ్యకి కూరగాయలు తరుక్కోవడానికి ఇస్తే తువ్వాలు లెక్క చెల్లిపోతుంది.

---

తమ్ముడూ,

మీ బావకి తెలియకుండా రాస్తున్నాను, చదివి చించెయ్యి.

నువ్వు పంపిన చెక్క బిగించారు. ఆదివారం వెళ్లొచ్చాం. కారు ఎక్కడా మొరాయించలేదు. ఆయన మొహం చూడాలి, చంటిపిల్లాడే అనుకో. దారంతా "విను, ఇంజన్ ఎంత బాగా పాడుతోందో" అంటూనే ఉన్నారు. కాఫీకి ఆపినప్పుడు కూడా బానెట్ ఎత్తి దాన్నే చూస్తూ నిలబడ్డారు. నాతో ఇంకొక్క మాట మాట్లాడితే ఒట్టు.

ఇదివరకు కారు ఆగితే, అది చల్లారేదాకా ఇద్దరం ఏ నీడపట్టునో కూర్చునేవాళ్లం. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ చిన్నప్పటి కబుర్లన్నీ చెప్పేవారు. నేను చెప్పేవీ వినేవారు, వేరే పనేముంది కనుక. అదంటే నాకెంత ఇష్టమో ఇప్పుడు తెలిసొచ్చింది. ఒట్టు పెట్టుకున్న మాట నిజమే. ఆ రోజు అది ఎండలో ఆగింది, అందుకు.

ఇట్లు,
నీ అక్కయ్య

తా.క. ఆ చెక్క తీయాలంటే ఏ నట్లు విప్పాలో వివరంగా రాయి. రెంచీ ఎక్కడుందో చూసి పెట్టుకున్నాను.