కెటిల్‌లో సున్నం, కడుపులో గుట్టు

3వ తేదీ, సోమవారం. ఉదయం 10.

నా రాత కోడిగీతల్లా ఉంటుంది. ఒత్తులు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. ఐదో తరగతితో బడి మానేశాను. చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే పెద్దమనసు చేసుకోవాలి. అసలు ఎవరూ చదవకూడదనే ఈ పుస్తకాన్ని సబ్బుల డబ్బా వెనక దాస్తున్నాను.

మేం ఈ ఊరు వచ్చి రెండు నెలలు. ఆయన కెటిళ్ళు, గీజర్లు, బట్టలుతికే మిషన్లు బాగుచేసే షాపు పెట్టారు. ఇక్కడి కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ. నీళ్ళు కాచే ప్రతి వస్తువుకీ లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. కాయిల్ కాలిపోతుంది. అదే మాకు బువ్వ.

పొద్దున మా కెటిల్ చూసి ఆయన చిట్కా చెప్పారు. సగం వెనిగర్, సగం నీళ్ళు పోసి, గంట ఉంచి, మూడుసార్లు కడిగేయాలి. పెచ్చంతా ఊడిపోయింది. అద్దంలా ఉంది!

"ఎవరికీ చెప్పకు. ఇది తెలిస్తే మన షాపు మెట్లెక్కేదెవరు? ఈ నెల పని రాకపోతే షాపు మూసేసి అన్నయ్య వాళ్ళింటికి పోవడమే," అన్నారు.

బావగారి ఇల్లంటే తోటికోడలి వంటిల్లు. అక్కడ ఉప్పు డబ్బా తీయాలన్నా అడగాలి. ఇక్కడ రెండే గదులు, కానీ పొయ్యి నాది.

ముప్పై రోజులు నోరు విప్పను. ఇందులో కష్టమేముంది? నేను అసలే మాట్లాడను! కూరగాయల కొట్లో కూడా వేలితో చూపిస్తాను.

5వ తేదీ, బుధవారం.

మూడో రోజు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

8వ తేదీ, శనివారం. సాయంత్రం 4.

పై ఇంటి పిన్నిగారు పంచదార కోసం వచ్చారు. ఈ ఇంటికి వచ్చిన మొదటి మనిషి! టీ పెట్టాను. ఆవిడ కెటిల్‌లోకి తొంగిచూశారు.

"ఏంటమ్మాయ్, కొత్తదా?"

తల అడ్డంగా ఊపాను.

"మరి ఇంత తళతళలాడుతోందేం? మాదాంట్లో కాస్తే పెచ్చులు తేలతాయి. టీ తాగుతున్నానా, నములుతున్నానా అని మీ బాబాయిగారు రోజూ సాధిస్తారు."

నవ్వొచ్చింది. నవ్వితే నోరు తెరుచుకుంటుంది కదా. చెప్పేశాను.

ఒక్కరికే. పైగా పెద్దావిడ. రేపటి నుంచి కచ్చితంగా ఉంటాను.

11వ తేదీ, మంగళవారం. ఉదయం 11.

పిన్నిగారు ఎదురింటి టైలరక్కని వెంటబెట్టుకొచ్చారు.

"నాకు గుర్తుండి చావదమ్మా, రాసిచ్చెయ్," అంది అక్క.

చెప్పకూడదనుకున్నాను గానీ, రాయకూడదని అనుకోలేదు. చీటీ తీసుకుని 'సగం వెనిగర్, సగం నీళ్ళు. పోసి నానబెట్టాలి' దాకా రాశాను. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు! చీటీ మడిచి అక్క చేతిలో కుక్కేశాను.

"ఏంటి, మీటింగా?" అన్నారాయన.

"కొలతలు తీసుకుంటున్నా తమ్ముడూ," అంది అక్క. ఎంత చల్లగా అబద్ధమాడిందో!

14వ తేదీ, శుక్రవారం.

నేను చెప్పినవాళ్ళు: పిన్నిగారు, టైలరక్క, పక్కింటి నర్సమ్మ, కింది వాటాలో కవల పిల్లల తల్లి. మిగతావాళ్ళు టైలరక్క చీటీ చూసి రాసుకున్నారు. వాళ్ళు నా లెక్కలోకి రారు.

అందరూ నన్ను "కెటిలమ్మాయి" అంటున్నారు. రెండు నెలలుగా నన్నెవరూ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటుంటే బాగుంది.

18వ తేదీ, మంగళవారం. మధ్యాహ్నం 1.

ఆయన అప్పుడే ఇంటికొచ్చేశారు. షాపులో ఈగలు కూడా లేవట.

"ఈ ఊరి నీళ్ళు ఉన్నట్టుండి మంచివైపోయాయా ఏంటి?" అంటూ కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి వాసన చూశారు. నేను అటు తిరిగి వట్టి నీళ్ళను గరిటెతో కలుపుతూ నిలబడ్డాను.

బావగారికి ఫోన్ చేశారు. "నెలాఖరు దాకా చూసి వచ్చేస్తాం అన్నయ్యా."

నా పొయ్యి! నా నోట్లో వెనిగర్ పొయ్య!

21వ తేదీ, శుక్రవారం.

9:15. తలనొప్పని గడియ పెట్టుకున్నాను. ముగ్గురు తలుపు తట్టారు. తీయలేదు. సెభాష్!

9:50. నాలుగో ఆవిడ కిటికీలోంచి అడిగింది. కిటికీ సంగతి మర్చిపోయాను.

25వ తేదీ, మంగళవారం. సాయంత్రం 6.

ఆయన మధ్యాహ్నం భోజనానికి రాలేదని క్యారియర్ పట్టుకుని షాపుకి వెళ్ళాను. గుమ్మం దాకా కెటిళ్ళు, మిషన్లు! అన్నీ కారుతున్నాయి. అందరికంటే ముందు టైలరక్క.

"రెండ్రోజులు నానబెట్టా తమ్ముడూ. ఎంత నానితే అంత శుభ్రం అనుకున్నా."

"లోపలి రబ్బరు వాషర్లు మెత్తబడిపోయాయక్కా," అన్నారాయన.

క్యారియర్ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

6:40. ఆయన వచ్చి, టైలరక్క ఇచ్చిన చీటీ నా ముందు పెట్టారు. నా కోడిగీతలే.

"గంట అని ఎందుకు రాయలేదు?"

"మీ చెప్పుల చప్పుడు వినపడింది."

ఇక మూటలు కట్టుకోవడమే అనుకున్నాను. ఉన్నట్టుండి ఆయన నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చేదాకా నవ్వారు.

"రెండు నెలలకు సరిపడా పని. రావట్లేదని అన్నయ్యకి చెప్పేశా. నువ్వు మాత్రం ఇకమీదట ఎవరికీ ఏమీ చెప్పకు. ముఖ్యంగా ఆ గంట సంగతి."

26వ తేదీ, బుధవారం. ఉదయం 7.

ఒకటో రోజు. మళ్ళీ ముప్పై రోజులు. ఈసారి కిటికీ కూడా మూశాను.

పాలకి వెళ్తే టైలరక్క చెయ్యి పట్టుకుంది. "కెటిలమ్మాయ్, నీ చిట్కా బంగారం. వాషరే కదా, పోతే పోయింది. సున్నం మాత్రం ఒక్క చుక్క లేదు. మళ్ళీ నెల మా చెల్లెలింట్లో కూడా నానబెడతాం."

'గంట చాలక్కా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అయినా చెప్పలేదు. పెదాలు బిగబట్టి వచ్చేశాను. పొయ్యి వెలిగించాను. నా పొయ్యే.

ఈ పుస్తకం ఎవరి చేతిలో పడినా ఆయన చూడకముందే కాల్చేయండి. మీకు పుణ్యముంటుంది. కాల్చేముందు మాత్రం వేరే కాగితం మీద ఒక్క ముక్క రాసుకుని, టైలరక్క చెల్లెలికి అందేలా చూడండి: గంట చాలు. తర్వాత మూడుసార్లు కడగాలి.