నీ లేత్ మోసిన రోజు

యాదగిరన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఫ్యాక్టరీని పడగొట్టి సాఫ్ట్‌వేర్ ఆఫీసు కడుతున్నారు. నీ లేత్ మెషీన్‌ను నా ట్రైలర్ మీదే రాంగోపాల్‌పేట్ తుక్కు గోడౌన్‌కు తెచ్చాను. హ్యాండిల్‌కు నువ్వు కట్టిన ఎర్రదారం అలాగే ఉంది. దించాక గోడౌన్ సందులో ట్రైలర్‌తో సహా ఇరుక్కుపోయాను. పని పోయాక బతుకు కోసం ట్రైలర్ పట్టాను గానీ, రివర్సు తీయడం ఇంకా చేతకాదు.

"ఏంది స్వామీ, శనివారం శనివారం పద్మవ్యూహం చెప్తవు, నీకు సుత లోపలికి వచ్చుడే తెలుసా?" అని నా ప్రవచనాలకు వచ్చే గోడౌన్ వాచ్‌మన్ నవ్వాడు.

నేను చదివి చెప్పే భారతం పుస్తకం సీటు పక్కనే ఉంది. తెరవలేదు.

బయటికి దారి తెలియకుండా వ్యూహంలోకి పోవడం మూర్ఖత్వమని నేను శనివారం ప్రవచనంలో మైకులో గర్జించిన రోజు నువ్వొక్కడివే లేచి, "పోకుంటే గడుస్తదా స్వామీ?" అన్నావు. నిన్ను కసిరి కూర్చోబెట్టాను.

రేపు నా లేత్ వంతు. ఇదే సందులోకి తేవాలి.