ఆడోళ్ల గుర్తు, మగోళ్ల గుర్తు

డోన్

చిరంజీవి శ్రీవిద్యకు మేనమామ కేశవయ్య దీవెనలు.

ఫోన్ చేస్తే మన బట్టలంగడి అంతా వింటాది, అందుకే ఉత్తరం. నాకు సోరియాసిస్ ఉండాదని మీ అత్తకు కూడా చెప్పలే. మొన్న నెత్తిమీది పొట్టు నల్లగుడ్డ మీద రాలితే, కొత్త డిజైనని చెప్పి అమ్మినా. నువ్వు ఈ జబ్బు మీదే పరిశోధన చేస్తాండావు కదా, నా నెత్తురు తీసుకో. గుట్టుగా.

మీ మామ

తా.క.: మందు పంపితే పైన 'విటమిన్లు' అని రాయి.

కడప

మామకు నమస్కారాలు.

ఇది అంటుకునే జబ్బు కాదు, అత్తకు చెప్పు. మన జన్యువుల మీద గుర్తులుంటాయి. ఏ జన్యువు పని చెయ్యాలో, ఏది ఊరికే ఉండాలో అవే చెప్తాయి. ఈ జబ్బులో ఆ గుర్తులు మగవాళ్లకు ఒకరకంగా, ఆడవాళ్లకు ఇంకోరకంగా మారతాయేమో చూస్తున్నా. ఆడవాళ్లు దాచుకుంటున్నారు, రావడం లేదు. జబ్బున్న ఆడమనిషి ఎవరైనా దొరికితే తోడు తీసుకురా.

నీ మేనకోడలు శ్రీవిద్య

తా.క.: విటమిన్లని రాయను.

డోన్

అమ్మా శ్రీవిద్యా,

నాకు తెలిసినవి ఎలక్షన్ గుర్తులే. ఆడోళ్లదేదో మగోళ్లదేదో గానీ, నా ఒంటిమీద అందరూ గెలిచినట్టుండారు.

ఆడమనిషిని వెతుకుతాండా. చీరలకొచ్చిన ఒకామెను మోచెయ్యి చూపమ్మా అంటే ఎదురంగడికి పోయె. సావాసగాడు హనుమన్నను అడిగినా, కడపకు తోడు రావడానికి ఒక ఆడమనిషి కావాలప్పా, ఇంట్లో తెలీగూడదు అని. నన్ను అదోమాదిరిగా చూసి లేచిపోయె.

మీ మామ

తా.క.: హనుమన్న పెండ్లాం మీ అత్తకు శానా దగ్గర. ఇప్పుడే గుర్తొచ్చె.

కడప

మామా,

అత్త ఫోన్ చేసింది. కడపలో మీ మామ ఎవరింటికి పోతాడని అడిగింది. నీ జబ్బు సంగతి నువ్వే చెప్పాలి, నేను చెప్పకూడదు. వెంటనే చెప్పెయ్.

శ్రీవిద్య

తా.క.: అత్త గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయంగా ఉంది.

డోన్

తల్లీ శ్రీవిద్యా,

నీ ఉత్తరం రాకముందే పంచాయితీ అయిపోయె. మీ అత్త అన్నం వడ్డించి, ఎదురుగా కూచోని, "ఎవరామె?" అనె. చొక్కా విప్పినా.

వీపు చూసె, మోచేతులు చూసె. లేచిపోయి తలుపు గొళ్లెం పెట్టి, రవిక చెయ్యి పైకి మడిచె. అచ్చం నా మాదిరే, ఎర్రగా, పొట్టుపొట్టుగా.

"మీకు అంటుతాదని భయపడి చెప్పలే" అనె.

నేనూ అంతేనన్నా. మాది మేనరికమాయె, తాత ఆస్తి ఇద్దరికీ సమంగా వచ్చినట్టుండాది. మోచేతులు దాటేంత పొడుగు రవికలకు గుడ్డ కత్తిరించి ఇచ్చింది నేనే, ఎందుకని ఒక్కనాడూ అడగలే. డోన్‌లో కనపడిన ప్రతి చెయ్యీ చూసిన మహానుభావుణ్ణి, అన్నం పెట్టే చెయ్యి చూడలే.

ఆదివారం ఇద్దరం వస్తాండాం.

మీ మామ

తా.క.: నిన్న ఆమె వీపుకు నేను కొబ్బరినూనె పూసినా, నా వీపుకు ఆమె పూసె. చెయ్యి అందని చోటును ఇన్నాళ్లూ ఇద్దరమూ అట్లే వదిలేసి బతికినాం.