కోట మెట్ల దగ్గర బతుకమ్మ

అత్తమ్మకు నమస్కారం.

ఫోన్‌లో మీరు ఏడుస్తుంటే చెప్పలేక ఇది రాస్తున్నాను. సద్దుల బతుకమ్మ నాడు మీ కొడుకు మరమ్మతు పని చేస్తున్న సముద్రపు కోట చూడటానికి వెళ్లాను. మన ఎల్లారెడ్డి చెరువులో వదిలినట్టే కోట మెట్ల దగ్గర బతుకమ్మను వదిలాను. అల దాన్ని నా కాళ్ల దగ్గరికే తెచ్చింది. ఫోన్‌లో ఆ సంగతి చెబితే, కడుపుతో ఉన్నదానికి అది అపశకునమని, మీరు వెంటనే ఊరికి రమ్మన్నారు.

కోట కాపలాదారును అడిగి వచ్చి మీ కొడుకు నవ్వాడు. “నీళ్లు పొంగేటప్పుడు ఏస్తే ఒడ్డుకే వస్తదంట. చెరువనుకున్నవా ఏంది?” అన్నాడు. తెల్లారి నీళ్లు తగ్గుతుంటే అదే బతుకమ్మను మళ్లీ వదిలాం. కోట గోడ దాటి సముద్రంలోకి పోయింది.

కాన్పుకు నేనే వస్తాను. అప్పటిదాకా ఆయన దగ్గరే ఉంటాను. మరిదిని పంపుతానన్నారు. కోట చూడటానికైతే పంపండి, నన్ను తీసుకుపోవడానికైతే వద్దు.

మీ కోడలు