మార్గో చూడాలనుకున్న ఊరు

మార్చి 8, శనివారం. క్లీవ్‌లాండ్ విమానాశ్రయం

వారం సెలవులకి కాలేజీలో సగం మంది ఫ్లోరిడా బీచ్‌లకు పోయారు. మేం ముగ్గురం బుడాపెస్ట్ పోతున్నాం. ఇమానీ బార్సిలోనా అంది. నేను లిస్బన్ అన్నాను. మార్గోది ఒక్కటే మాట. "బుడాపెస్ట్ అయితే వస్తా. లేకపోతే మీరిద్దరూ పోండే." ఎందుకని అడిగితే అక్కడికెళ్ళాక చెప్తానంది.

మూడేళ్ళుగా నా రూమ్మేట్. పిజ్జా మీద ఏం వేయించాలో కూడా మమ్మల్నే తేల్చమనే మనిషి. జీవితంలో మొదటిసారి పట్టుపట్టింది కదా అని ఒప్పుకున్నాం. ఇమానీ ఇంకా గొణుగుతూనే ఉంది.

మార్చి 9, ఆదివారం

నిద్రలో నడిచినట్టుంది రోజంతా. మేం దిగింది పాత ఇల్లు, మధ్యలో లోగిలి, చుట్టూ ఇనుప కటకటాల వరండాలు. మాది మూడో అంతస్తు. ఎవరో కింద పియానో నేర్చుకుంటున్నారు. ఒకే ముక్క, మళ్ళీ మళ్ళీ తప్పుతూ.

ఇంటావిడ పేరు ఇలోనా. డెబ్భై దాటి ఉంటాయి. ఇలోనా నేని అని పిలవమంది, ఇక్కడ పెద్దవాళ్ళని అలాగే అంటారట. మాకు సూప్ పోసి, తినేదాకా ఎదురుగా నిలబడింది. వచ్చీరాని ఇంగ్లీషు. "తిను. సన్నం. అందరూ సన్నం."

మార్గో ఆరింటికల్లా మంచమెక్కేసింది. ప్రయాణం బడలిక అనుకున్నాం.

మార్చి 10, సోమవారం

ఉదయం నది మీద పొగమంచు. అవతలి ఒడ్డున కొండ ఉందంటారు గానీ మాకు సగమే కనిపించింది, మిగతా సగం ఎవరో చెరిపేసినట్టు. పసుపు ట్రామ్ అందులోంచి వచ్చి అందులోకే పోయింది. అలా చూస్తూ సాయంత్రం దాకా ఉండిపోగలను.

మార్గో నిజంగానే అలా చూస్తోంది. ఒక చర్చి కప్పు మీద రంగురంగుల పెంకులుంటే, వాటి ముందు ఇరవై నిమిషాలు నిలబడింది. ఫోటో లేదు, మాట లేదు. ఫోనైతే పొద్దున్నే తీసి ఇమానీ బ్యాగులో పడేసింది. ఇమానీ ఊరుకోదుగా. "పెంకులు లెక్కపెడుతున్నావా ఏంటే తల్లీ? మాకు ఆకలేస్తోంది."

"నువ్వు తిను. నేను చూస్తా."

సాయంత్రం పడవ మీద సంగీతం ఉంటే టికెట్లు కొన్నాం. ఐదున్నరకి మార్గోకి తలనొప్పి. నిన్న బడలిక, ఇవాళ తలనొప్పి. ఒక్కదాన్నే వదిలి వెళ్ళలేక మేమూ ఉండిపోయాం. ముగ్గురం మూడు గోడల వైపు తిరిగి పడుకున్నాం.

మార్చి 11, మంగళవారం

ఇవాళ కడుపునొప్పి అట. ఇంకేం రాయను.

మార్చి 12, బుధవారం

అందరం తప్పు చేశాం. నేను ఎక్కువ చేశాను.

రోజంతా బాగానే గడిచింది. అంగట్లో వేడి వేడి లాంగోష్ తిన్నాం, పూరీలాంటి దాని మీద పుల్లటి మీగడ, చీజ్. మార్గో ముక్కుకి మీగడ అంటితే ఇమానీ నవ్వి నవ్వి కూలబడింది. బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. వంతెన మీదుగా నడిచి పోదాం అన్నాను. ఆకాశం అప్పుడు గులాబీ రంగులో ఉంది, నది కూడా.

వంతెన దగ్గరికి రాగానే మార్గో నా చొక్కా చెయ్యి పట్టుకుంది. వదలదే! లాగితే కుట్టు ఊడింది. అంతలో ఎదురొచ్చే ఒక ముసలాయన్ని గుద్దేసింది, ఆయన చేతిలో పూల పొట్లం కింద పడింది. ఆయన ఏదో అన్నాడు. మార్గో ఆయన వైపు కాకుండా పక్కనున్న స్తంభం వైపు తిరిగి సారీ చెప్పింది. నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను.

ఇమానీ అంది. "మనుషుల్ని చూసుకుని నడవవా? రోజూ ఆరింటికి ఏదో ఒక రోగం. ఇవాళేంటి, పంటినొప్పా? నీ కోసం వచ్చాంగా ఇంత దూరం. ఊరికే వచ్చామా, నీ కునుకులకి కాపలా కాయడానికి?"

మార్గో నా వైపు చూసింది. నేను వెనకేసుకు వస్తాననుకుంది కాబోలు. "ఇమానీ చెప్పిందాంట్లో తప్పేముంది?" అన్నాను.

"ఏం లేదు" అంది మార్గో. "మీరు పోండి. నేను ఇంటికెళ్తా." వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మేం వంతెన దాటాం. కాఫీ తాగాం. రుచి లేదు. ఇంటికొచ్చేసరికి ఏడు. మార్గో లేదు. ఫోన్ చేస్తే ఇమానీ బ్యాగులోనే మోగింది.

ఇలోనా నేని మా మొహాలు చూసి కోటు తగిలించుకుంది. అడగనే లేదు ఏమైందని. "చీకటి" అంది అంతే. "ఆ పిల్లకి చీకటి చెడ్డది." మా కంటే వేగంగా నడిచింది.

మార్గో వంతెన మొదట్లో రాతి అరుగు మీద కూర్చునుంది. మేం వదిలిన చోటుకి పదడుగులు కూడా లేదు. రెండు చేతులూ అరుగుని పట్టుకునున్నాయి. గంటన్నర అలాగే ఉందట.

"ఇంటికెళ్తానన్నావుగా" అన్నాను. ఆ సమయంలో నోటికొచ్చిన మాట అది.

"కనబడట్లేదే బ్రిన్" అంది. "దీపాలు కనబడతాయి. దీపాల మధ్య ఏముందో కనబడదు."

మార్చి 13, గురువారం. ఉదయం 5:40

మార్గో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

కంటి వెనక పొర పాడవుతోంది. ముందు చీకట్లో చూపు పోతుంది. తర్వాత పక్కల నుంచి మూసుకొస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. క్రిస్మస్ సెలవుల్లో డాక్టరు చెప్పాడు. ఎప్పటికి పూర్తిగా మూసుకుంటుందో చెప్పలేడట. ఇరవయ్యేళ్ళు పట్టొచ్చు, ఐదే పట్టొచ్చు.

తన కాళ్ళ నిండా ఎప్పుడూ దెబ్బలే. నేను తనని 'బల్లల మీద పడే రాణి' అనేదాన్ని. పుట్టినరోజుకి మోకాళ్ళ తొడుగులు కొనిచ్చాను. హాస్టలంతా నవ్వింది. తనూ నవ్వింది.

ఈ ఊరే ఎందుకంటే, తొమ్మిదేళ్ళప్పుడు పళ్ళ డాక్టరు గదిలో గోడ మీద క్యాలెండర్. అందులో వేడినీళ్ళ కొలను, పొగలు, నడుంలోతు నీళ్ళలో నిలబడి చదరంగం ఆడుతున్న ముసలాళ్ళు. "నిజంగా అలాంటి చోటు ఉంటుందా అనుకున్నా. ఉందో లేదో చూసుకోవాలి కదే."

కాలేజీకి సెలవు ఉత్తరం కూడా రాసి పెట్టుకుంది. వచ్చే ఏడు రానని. ఇంకా పంపలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్విప్పుడు పెట్టావే ఆ మొహం, అందుకు."

ఇమానీ గట్టిగా ఏడ్చింది. మార్గోనే ఊరుకోబెట్టింది.

వంటింట్లో ఇలోనా నేనిని అడిగాను, మీకెలా తెలిసిందని. టీ వంపుతూ చెప్పింది. "మొదటి రోజే. మెట్ల మీద ఆ పిల్ల కాలు ముందు వెతుకుతుంది, తర్వాత దిగుతుంది." మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాను. నేను చూడలేదు.

మార్చి 14, శుక్రవారం

పొద్దున ఏడింటికి ఆ వేడినీళ్ళ స్నానశాల. బయట మంచు కురిసేంత చలి, కొలను నుంచి పొగ. పొగ అంటే మామూలు పొగ కాదు. చెయ్యి చాపితే చెయ్యి లేదు. నీళ్ళు నులివెచ్చగా పాలలా ఉన్నాయి. మనుషులు కనిపించరు, గొంతులు మాత్రం తేలుతుంటాయి, నవ్వులు, దగ్గులు, ఎవరో సన్నగా పాడుతూ. ఒడ్డు ఎటో తెలియలేదు. కల అంటే ఇదేననిపించింది.

అంతలో ఇద్దరూ తప్పిపోయారు. పిలిచాను. అన్ని వైపుల నుంచీ బదులొచ్చినట్టుంది. ఒక లావుపాటి వీపుని గుద్దుకున్నాను. మొన్న తను గంటన్నర కూర్చున్నది ఇందులోనే అని అప్పుడు తెలిసింది.

"కదలకు. మాట్లాడుతూ ఉండు" మార్గో గొంతు. ఏం మాట్లాడాలో తోచక అంకెలు చదివాను. పదిహేడు దగ్గర నా భుజం మీద చెయ్యి పడింది. ఇమానీ అప్పటికే ఆమె వెనక తోకలా పట్టుకుని ఉంది.

"నీళ్ళు పడే చప్పుడు ఎడమ పక్క. అంటే మెట్లు ఇటు. చలిగాలి తగిలే వైపు తలుపు" అంది. మమ్మల్ని కొలను అంతా తిప్పింది. ఎవర్నీ గుద్దలేదు. నేను గుద్దాను, మళ్ళీ మళ్ళీ.

ఎండ పడ్డాక పొగ పలచబడింది. చదరంగం కనిపించింది. నిజంగానే ఉన్నారు, ఇద్దరు ముసలాళ్ళు, నీళ్ళలో, బోర్డు మీద వంగి. మార్గో ఒక అడుగు దూరంలో నిలబడి చూసింది. ఒకాయన తల ఎత్తకుండానే తన చోటు ఖాళీ చేసి సైగ చేశాడు. పదకొండు ఎత్తుల్లో ఓడిపోయింది. ఒడ్డుకొచ్చాక ఏడ్చింది. సంతోషమో కాదో అడగలేదు.

మార్చి 15, శనివారం

వీళ్ళకి ఇవాళ జాతీయ పండగ. అందరి గుండెల మీదా మూడు రంగుల రిబ్బన్ పువ్వు. ఇలోనా నేని మాకూ గుచ్చింది. గట్టిగా గుచ్చింది.

సాయంత్రం మార్గోనే అంది, "పదండే, బయటికి." గుమ్మం దగ్గర ఇమానీ గబుక్కున తన చెయ్యి పట్టుకుంది. "నువ్వు నన్ను పట్టుకోకే. నేను నిన్ను పట్టుకుంటా" అని విడిపించుకుని ఇమానీ మోచెయ్యి అందుకుంది. "అర అడుగు ముందు నడువు. మెట్లొస్తే చెప్పు. కవిత్వం వద్దు."

ఇమానీకి అదే రాదు. "మెట్టు... అయ్యో, పాపం చిన్న మెట్టే..." మార్గో విరగబడి నవ్వింది. వంతెన దాటాం. మధ్యలో ఆపి, నదిలో ఏం కనిపిస్తోందో చెప్పమంది. దీపాలు వణుకుతున్నాయి అన్నాను. "ఆ మాట నేనూ చెప్పగలను. ఇంకా ఏముంది?" తడుముకున్నాను. అంత జాగ్రత్తగా నేనెప్పుడూ దేన్నీ చూడలేదు.

సెలవు ఉత్తరం గురించి అడిగాను. పంపలేదు, చెరిపేయలేదు. "ఆగస్టు దాకా ఆగుతా. అప్పటికి నువ్వు చెప్పడం నేర్చుకుంటే చూద్దాం."

మార్చి 16, ఆదివారం. విమానంలో

మార్గో కళ్ళు మూసుకుంది. బయట ఏముంది అని అడిగింది. మేఘాలు, తెల్లగా, అన్నాను.

"ఎలాంటి తెలుపు?"

గంటయింది. ఇంకా చెబుతున్నాను.