షాన్ రాజుగారి వేట తుపాకీ

పార్వతీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేను సేకరించిన వేట తుపాకుల్లో ఆఖరిదాన్ని, ఇక్కడి షాన్ కొండల రాజు వాడిన ఆ జింక చెక్కడాల తుపాకీని, పొద్దున్న మ్యూజియానికి ఇచ్చేశాను. దానికోసం తామ్వే పేటలోని మన ఇంటికొచ్చిన మ్యూజియం అమ్మాయి, మనలాగే ఈ దేశంలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ మనవరాలేనట.

"ఇది ఎవులెవులి దగ్గిరుండేది, తాతా?" అంటూ రాసుకుంది.

రాజు, ఆయన దగ్గర కొన్న జడ్జి, తర్వాత నేను అని చెప్పాను.

"తుప్పు మచ్చ ఒక్కటీ నేదేటి? ఎవులు తుడిసీవోరు?"

నీ పేరు చెప్పాను. నలభై ఏళ్ళు అన్ని తుపాకులూ నువ్వే తుడిచావనీ, నేను ఒక్కనాడూ చెయ్యి వెయ్యలేదనీ చెప్పాను. ఆ మాట నీతో ఎప్పుడూ అనలేదు.

మ్యూజియంలో తుపాకీ పక్కన పెట్టడానికి ఆ అమ్మాయి నువ్వు తుడిచే నూనె గుడ్డ కూడా అడిగింది. తుడవాల్సిన తుపాకీ ఇంట్లో ఇంకొక్కటీ లేకపోయినా, అది మాత్రం ఇవ్వలేకపోయాను.