నురగ నిలిచినంతసేపు

మే 27
కాంపౌండర్ గది అటక మీంచి ఇంకో కట్ట కరపత్రాలు తెచ్చుకున్నాను. పెట్టె నిండిపోయింది. భూమి హక్కులు, పిల్లని ఎత్తుకుపోయి చేసుకునే పెళ్ళిళ్ళు, గొర్రెలకు పట్టే పురుగులు, క్షయ. ఊళ్ళో ఒక్కరూ చదవరు. వేడి టీ గ్లాసుల కింద పెట్టుకుంటారు. తిట్టాను. నవ్వారు.

కొత్తవాటిలో ఒకటి లూపస్ గురించి. యూరప్‌లో ఎక్కడో రాసి, రష్యన్‌లోకి మార్చి, కొండలెక్కించి మా దాకా పంపారు. ఒంటిని కాపాడాల్సిన సైన్యమే ఒంటి మీద తిరగబడుతుందట. వయసులో ఉన్న ఆడవాళ్ళకే ఎక్కువట. నీరసం, కీళ్ళ నొప్పులు, రెండు బుగ్గల మీదా రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఎరుపు. ఎక్కువమందికి చర్మం, కీళ్ళ దగ్గరే ఆగిపోతుందట. బొమ్మలో ఒకావిడ ఉంది. పాలలాంటి ముఖం, గడ్డిరంగు జుట్టు, లేత గులాబీ మచ్చ.

జిపార్ అక్క వైపు చూశాను. ఇరవై నాలుగేళ్ళు, బడిలో టీచరు. నెల్లాళ్ళుగా పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవడం లేదు, సుద్దముక్క జారిపోతోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అయితే ఏమిటి? మా నాన్న బుగ్గలూ ఎరుపే, తపాలా ఆయన బుగ్గలూ ఎరుపే. గాలీ ఎండా తిని పెరిగే కిర్గిజ్ ముఖం అలాగే ఉంటుంది.

ఇది మావాళ్ళ జబ్బు కాదు. పెట్టెలో పడేశాను.

జూన్ 3
నానమ్మ తీర్పు చెప్పేసింది. పిల్ల రక్తం పలచబడింది, కొండ మీద నలభై రోజులు ఎండలో కూర్చుని కుమిస్ తాగితే చచ్చిన గుర్రం కూడా లేచి పరిగెడుతుంది, అంది. ఆడగుర్రం పాలు పులిస్తే అదే వైద్యం, అదే విందు, అదే దేవుడు నానమ్మకు.

మామూలుగా అయితే ఇంటి పైకప్పు లేచిపోయేలా పోట్లాడేదాన్ని. కానీ క్షయ కరపత్రం తీసి చూస్తే అందులోనూ స్వచ్ఛమైన గాలి, ఎండ, బలమైన ఆహారం అని ఉంది. మా ముసలివాళ్ళ మాటను సైన్సు ఒప్పుకున్న రోజు! నానమ్మ పక్షాన నిలబడ్డాను. నాన్న హడలిపోయాడు. మీరిద్దరూ ఒక్కమాట మీద ఉన్నారంటే జూన్‌లో మంచు పడుతుందే, అన్నాడు.

అక్క ఒక్కతే, ముందు నరీన్ పట్నం వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుంటానంది. ఆరు గంటల దారి, అక్కడ సగం రోజు లైను, నీకు కావలసింది ఎండ, అని నేనే కొట్టిపారేశాను. గట్టిగా చెప్పాను. నేనెప్పుడూ గట్టిగానే చెబుతాను.

జూన్ 11, కొండ మీద
గుడారం వేశాం. అమ్మ ఆవులతో ఊళ్ళోనే ఉండిపోయింది. నానమ్మ గిన్నెలో కుమిస్ పోసి, నురగ చచ్చేదాకా పెదవులు కదుపుతూ లెక్కపెడుతుంది. ఇరవై దాటకపోతే తోలుసంచిలో తిరగబోసి ఇంకా చిలకమంటుంది. అరవై నిలిస్తే ఆ రోజు పండగే.

అక్కకు రోజుకు ఆరు గిన్నెలు. తలగుడ్డ కూడా తీసేయాలట. ఎండ నెత్తికి తగలాలట.

జూన్ 19
పక్క గుడారం కులీపా వచ్చి అక్క గడ్డం పట్టుకుని, అబ్బ, ఈ బుగ్గలు చూస్తే యాపిల్ పండు సిగ్గుతో చెట్టు మీంచి దూకి చస్తుందే, అంది. నన్ను చూసి, నువ్వూ ఆ కాగితాలు మానేసి కాస్త ఎండలో కూర్చుంటే ఎవడో ఒకడు చూడకపోడు, అంది. నేను అన్నది ఇక్కడ రాయను.

అక్క పొద్దెక్కినా లేవడం లేదు. బుగ్గలు మాత్రం మండుతున్నాయి. గుణం కనిపిస్తోంది అంటోంది నానమ్మ.

జూన్ 24
ఇవాళ నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది. అక్క గుడారం వెనక నుంచి వస్తూ, నానమ్మా, నీ కుమిస్ నాలో ఒక్క పూట కూడా ఆగట్లేదు, ఎలా పోశావో అలాగే నురగతో బయటికొస్తోంది, అంది. గిన్నె పట్టుకెళ్ళాల్సింది కదే, వృథా చేశావు, అంది నానమ్మ. నాన్నకు టీ ముక్కులోకి పోయింది.

జూన్ 30
అక్కకు బూట్లు ఎక్కడం లేదు.

జూలై 6
చీలమండ మీద బొటనవేలితో నొక్కితే పిండిలో నొక్కినట్టు గుంట పడింది. ఆ గుంట లేవలేదు. జ్వరం.

కరపత్రంలో నేను పట్టించుకోని వాక్యం ఒకటి గుర్తొచ్చింది. ఆ ఎరుపు ముక్కు మీదుగా పాకుతుంది, ముక్కు పక్క నుంచి పెదవి చివరకు దిగే మడతలోకి మాత్రం సాధారణంగా దిగదు. అక్క నిద్రపోతుంటే వంగి చూశాను. మడత తెల్లగా ఉంది. బయటికెళ్ళి నాన్న ముఖం చూశాను. మడతతో సహా ఎరుపు. ఏమిటే అలా చూస్తావు, అన్నాడు. లారీ పిలువు, అన్నాను.

జూలై 9, బిష్కెక్, ఆసుపత్రి వరండా, మధ్యాహ్నం 3
డాక్టర్ పేరు హెగై. కొరియన్ ఆవిడ, వాళ్ళ తాతల కాలం నుంచి ఇక్కడే. మూత్రంలో నురగ ఎప్పటినుంచి వస్తోందని అడిగింది. అక్క నా వైపు చూసింది. ఈ నోట్‌బుక్ తీసి జూన్ 24 చదివాను. గిన్నె మాటతో సహా చదివాను. ఆవిడ నవ్వలేదు. కిడ్నీలలోంచి ప్రోటీన్ కారిపోతే అలాగే నురగ వస్తుందమ్మా, అంది. లూపసేనట. ఆ ఎండే దాన్ని ఎగదోసి ఉండొచ్చట.

పదిహేను రోజులు. దానికి ముందు రక్తపరీక్ష వద్దన్న రోజు.

నాకు కోపం వచ్చింది. కాగితంలో చర్మం, కీళ్ళు అన్నారు, కిడ్నీల మాట చివరి పేజీలో ఒక్క ముక్క, అని అరిచాను. నర్సు తలుపు మూసింది. హెగై నెమ్మదిగా, ఆ కాగితం అబద్ధమాడలేదు, అది వాళ్ళవాళ్ళను చూసి రాసుకున్నది, అంది. తన రష్యన్ పేషెంట్లలో చాలామందికి చర్మం దగ్గరే ఆగిందట. మీ కిర్గిజ్ పిల్లలకూ మా కొరియన్ పిల్లలకూ కిడ్నీలదాకా పోవడం ఎక్కువ చూస్తున్నాను, వేరే దేశాల లెక్కలూ అదే చెబుతున్నాయి, అంది.

అయితే అది మా రక్తం చేసిన పనా, ఆరు గంటల దారి చేసిన పనా, అని అడిగాను. కొంత అదీ, కొంత ఇదీ. ఏది ఎంతో విడదీసి చెప్పమంటే నాకు చేతకాదు, అంది.

మూడోది ఒకటుంది. అది ఆవిడకు చెప్పలేదు. నా నోరు.

జూలై 12
కిడ్నీ బయాప్సీ అయింది. నాలుగో రకం, గట్టిదే. మందులు మొదలుపెట్టారు. ఆరు నెలల తర్వాతగానీ చెప్పలేం, కిడ్నీలు నిలవొచ్చు, నిలవకపోవచ్చు, అంది హెగై. రేపో మాపో అని ఆశ పెట్టనందుకు ఆవిడ మీద గౌరవం కలిగింది. ఏడుపూ వచ్చింది.

జూలై 21
మందులకు అక్క ముఖం రొట్టెలా ఉబ్బింది. ఆ కరపత్రం కావాలంది. ఊరి నుంచి నాన్న తెచ్చాడు. బొమ్మను చాలాసేపు చూసి, ఎవరే ఈవిడ, నేనిలా ఉంటానా, అంది. అక్కా, నరీన్ వెళ్తానన్నావు, నేనే వెళ్ళనివ్వలేదు, అన్నాను. ఎన్ని పేజీలు ప్రాక్టీసు చేశానో ఈ మాట. అక్క కళ్ళు మూసుకుంది. అవును, నువ్వే, అంది. కాదులే అంటుందనుకున్నాను.

కరపత్రం నా ఒళ్ళో పడేసి, కొత్తది రాయవే, మన ముఖంతో, అంది. ముక్కు మాత్రం కాస్త చిన్నదిగా గీయి.

ఆగస్టు 4, ఊళ్ళో
రెండు ముఖాలు గీశాను. నాన్నది, అక్కది. కింద ఒక్క వాక్యం: మడత చూడండి. కులీపాకు ఇచ్చాను. టీ గ్లాసు కింద పెట్టబోయి, గ్లాసు పక్కకు జరిపింది.

నానమ్మ కొండ దిగివచ్చిన దగ్గర్నుంచి కుమిస్ చిలకలేదు. తోలుసంచి గోడకు ఎండిపోతోంది. అక్క గది కిటికీకి తనే గొర్రె ఉన్ని దుప్పటి కొట్టింది. మేకు మేకుకూ ఎండను బూతులు తిట్టింది.

నరీన్‌లో పరీక్ష రెండు వారాలకొకసారి. మధ్యలో మేం చేయగలిగింది, పొద్దున్నే అక్క మూత్రంలో నురగ ఎంత తగ్గిందో చూడడం.

ఆగస్టు 17, ఉదయం 6
గాజుగ్లాసు వంటగది కిటికీ గూట్లో. చుట్టూ ముగ్గురం. నానమ్మ పెదవులు కదులుతున్నాయి. నిన్న యాభై రెండు. ఇవాళ నలభై ఒకటి దగ్గర ఆపి, ఇంకోసారి వంగి చూసి, నలభై మూడు అంది.